కాదనలేని బాబాయి కిటికీలు

మా బాబాయి ఒకసారి ఎక్కకూడని బస్సు ఎక్కాడు. పొరపాటున కాదు, తెలిసే. కండక్టరు మెట్టు మీద నిలబడి, బాబాయి మొహంలోకే చూస్తూ, "రండి రండి, మీకోసమే ఆపాను" అన్నాడట. అంత ఆప్యాయంగా పిలిచిన మనిషిని ఎలా కాదంటామని బాబాయి ఎక్కేశాడు. తనకు ఏ పనీ లేని ఊరికి టికెట్టు తీసుకుని, అక్కడ దిగి, ఒక టీ తాగి, చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. ఎక్కడికెళ్ళారని పిన్ని నిలదీస్తే, "వెళ్ళాల్సి వచ్చింది" అన్నాడు.

మొహమాటం అందరికీ కొద్దో గొప్పో ఉంటుంది. మా బాబాయికి ఉన్నది మాత్రం జబ్బు కిందే లెక్క. సెలూన్లో కుర్రాడు మీసం తీసేయమంటారా అని మాటవరసకి అడిగితే, అతను ముచ్చటపడుతున్నాడనుకుని తీయించేసుకున్నాడు. మళ్ళీ మొలిచేదాకా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగాడు. ఎదురింటి ముసలాయన బాబాయిని పోస్టాఫీసు ఉద్యోగి అనుకుంటాడు. ఎప్పుడు కనిపించినా తన పార్సిలు సంగతి ఏమైందని అడుగుతాడు. నేను పోస్టాఫీసు వాణ్ణి కాదండీ అని ఒక్క ముక్క చెప్పేస్తే పోయేదానికి, బాబాయి స్కూటరు వేసుకుని పోస్టాఫీసుకి వెళ్ళి, వరసలో నిలబడి, కనుక్కుని వచ్చి చెప్తాడు. దాంతో ముసలాయనకి బాబాయి ఉద్యోగం మీద నమ్మకం ఇంకా బలపడింది.

ఆయన అసలు ఉద్యోగం కారు నడపడం నేర్పించడం. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు కింద నేర్పేవాడికి కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకే లేకపోతే మా బాబాయి ఎప్పుడో పోయేవాడు. నేర్చుకునేవాళ్ళు లారీ మీదకి పోతున్నా సరే, "వద్దు, ఆపు" అని ఆయన నోట రాదు. "కొంచెం నెమ్మదిగా వెళ్దామాండీ?" అంటూనే కింద కాలితో బ్రేకు అదిమేస్తాడు. కారు దానంతటదే ఆగిందని వాళ్ళు అనుకుంటారు. ఒకావిడ నేర్చుకోవడం పూర్తయ్యి వెళ్తూ, ఈ కారుకి భయం ఎక్కువండీ అని చెప్పి మరీ వెళ్ళిందట. బాబాయి దానికి కూడా అవునన్నాడు.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. కింది వాటాలో ఆయనా పిన్నీ, పై వాటాలో మేమూ ఉంటాం. ఆయనంటే నాకు ప్రాణం. ఆయన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది కూడా. ఈ రెండూ ఎలా కుదురుతాయని అడిగేవాళ్ళు ఆయనతో ఒక్కపూట బజారుకెళ్ళి రావాలి.

ఇక కిటికీల సంగతి. ఇల్లు పాతది, కిటికీలు ఇంటికంటే పాతవి. వానాకాలం చెక్క ఉబ్బి తెరుచుకోవు, ఎండాకాలం ఎండిపోయి మూసుకోవు. పడకగది కిటికీ గడియ ఊడిపోతే పిన్ని దానికి తాడు కట్టింది. వెనక వరండా కిటికీలో అద్దం బదులు అట్టముక్క ఉంది. చివరికి ఒకరోజు గాలికి హాలు కిటికీ రెక్క ఒకటి ఊడి, గోడ పక్కన నిలబెట్టిన పాలవాడి సైకిలు మీద పడింది. క్యాను సొట్టపోయింది. పాలవాడు నోరు తెరవకముందే బాబాయి వెళ్ళి, తప్పంతా తనదేనని, గాలి తప్పు కూడా తనదేనని ఒప్పేసుకుని వచ్చాడు. ఆ సాయంత్రమే కిటికీలన్నీ మార్పించేద్దామని తీర్మానించాడు.

పిన్ని ఈ మాట కోసమే కాచుకుని ఉంది. ఆవిడ వండేది ఇంట్లోవాళ్ళకి మట్టుకే కాదు. వీధి చివర ఉద్యోగస్తుల హాస్టలుకి మధ్యాహ్నం క్యారియర్లు కట్టి పంపుతుంది. తెల్లారింది మొదలు పొయ్యి దగ్గరే. ఆ వంటింటికి కిటికీ అన్నదే లేదు. పైన అరచెయ్యి పట్టేంత కంత ఒకటి ఉంది, అందులో పిచ్చుకలు గూడు పెట్టుకున్నాయి. నూనె కాగితే ఆ పొగ హాలు మీదుగా వీధిలోకి పోవాలి తప్ప వేరే దారి లేదు. వేపుడు వేసినంతసేపు పిన్ని దగ్గుతూనే ఉంటుంది. మధ్య మధ్యలో వెనక వరండాలోకి పరుగెత్తి, కాసిని గాలి మింగి, మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఈ ఇంట్లో కాపురం పెట్టిన దగ్గర్నుంచి ఆవిడ అడుగుతున్నది ఒక్కటే, సందు వైపు గోడకి ఒక కిటికీ.

"పనిలో పని, వంటింటికి కూడా ఒకటి పెట్టిద్దామండీ," అంది పిన్ని.

"గోడ పగలగొట్టాలి. ఇప్పుడదంతా ఎందుకు, వద్దు," అన్నాడు బాబాయి. పేపరులోంచి తల కూడా ఎత్తలేదు.

వెనకటి సారి గోడ బలహీనపడుతుందని వద్దన్నాడు, అంతకుముందు సందులోంచి దుమ్మొస్తుందని వద్దన్నాడు. ఈసారి కారణం వెతుక్కునే శ్రమ కూడా పడలేదు. పిన్ని మాత్రం ఒక షరతు పెట్టింది. మొదట వచ్చినవాడికే పని అప్పగించేయకుండా ముగ్గుర్ని పిలిపించాలి, ముగ్గురి సరుకూ చూడాలి, ఒకరికి ఇచ్చి మిగతా ఇద్దరికి కుదరదని చెప్పాలి. బాబాయి బుద్ధిగా తలూపాడు. నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను. ముగ్గుర్ని పిలవడం వరకూ నాకు నమ్మకం ఉంది. ఇద్దరికి కుదరదని చెప్పడం అన్నచోటే నాకు నవ్వొచ్చింది.

మొదట వచ్చినవాడు పెద్ద షోరూము తాలూకు అబ్బాయి. ఎండలో టై కట్టుకుని వచ్చాడు. మాటకి ముందొక సార్, మాటకి వెనకొక సార్. సంచిలోంచి ఒక గాజుముక్క, ఒక సుత్తి తీశాడు. సుత్తి బాబాయి చేతిలో పెట్టి, ఎంత బలముంటే అంత బలంతో కొట్టి చూడండి సార్ అన్నాడు. బాబాయికి చెమటలు పట్టాయి. గట్టిగా కొడితే గాజు పగిలి ఆ అబ్బాయి మనసు నొచ్చుకుంటుందేమోనని ఆయన బెంగ. నిద్రపోతున్న పసిపిల్లని తట్టినట్టు రెండుసార్లు తట్టి, "అబ్బే, ఏం కాలేదండీ, భలే గట్టిది" అన్నాడు. హాలుకి ఇంత పొడుగున పక్కకి జరిగే తలుపులున్న కిటికీ, లోపల దోమల జాలీ, వీధంతా సినిమాలా కనిపిస్తుంది సార్ అని ఆ అబ్బాయి వర్ణిస్తుంటే బాబాయి కళ్ళు మెరిశాయి. వంటింటి గుమ్మంలోంచి పిన్ని వద్దు వద్దని సైగలు చేస్తూనే ఉంది. వెళ్ళేటప్పుడు అబ్బాయి ఖాయమే కదా సార్ అని చెయ్యి చాపాడు. చాపిన చెయ్యిని గాల్లో వదిలేయడం బాబాయి చేత కాలేదు. అలాగేనండీ అంటూ పట్టుకుని ఊపాడు.

"ఒప్పేసుకున్నారా?" అంది పిన్ని.

"ఒప్పుకోలేదు. అలాగే అన్నానంతే."

రెండోవాడు అల్యూమినియం కిటికీలు చేస్తాడు. కంపెనీ అంటే అతనూ, అతని బావమరిదీ, ఒక వ్యానూ. ఒకప్పుడు బాబాయి దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడట. వస్తూనే గురువుగారూ అని కాళ్ళ మీద పడబోయాడు. తను ఈరోజు సొంత వ్యాను నడుపుకుంటున్నాడంటే ఆ చలవంతా గురువుగారిదేనని, గురువుగారి ఇంటికి ఇంకెవరో కిటికీలు పెడితే తను నలుగురిలో తలెత్తుకోలేనని చెప్పాడు. ఇలాంటి మాటలు వినే అవకాశం బాబాయికి అంతవరకూ ఎన్నడూ రాలేదు. పొంగిపోయాడు. వ్యాను వెనక్కి తీస్తూ శిష్యుడు మా గేటుకి గీత పెట్టాడు. అది చూసి కూడా, బాగా నడుపుతున్నావయ్యా అని మెచ్చుకుని, మొత్తం నువ్వే చూసుకోమని సాగనంపాడు.

మూడోవాళ్ళని అసలు పిలవనే లేదు. పక్కింటివాళ్ళు పిలిపించుకున్న కంపెనీ అమ్మాయి, ఇల్లు పోల్చుకోలేక మా బెల్లు కొట్టింది. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు పాపం. కిటికీల కోసం రమ్మన్నది మీరేనా అండీ అని అడిగింది. పక్కిల్లమ్మా అని చెప్పాలి. అంత ఎండలో వచ్చిన పిల్లని గుమ్మంలోంచి పంపేయడం ఏం మర్యాద అనుకున్నాడో ఏమో, నేనే అన్నాడు బాబాయి. ఆ అమ్మాయి వినయంగా అన్ని గదులూ తిరిగింది, కప్పు నుంచి కారే నీళ్ళ చారలు కూడా రాసుకుంది. ఇదే నా మొదటి ఆర్డరండీ అని కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఇక చెప్పేదేముంది. పక్కింటావిడ సాయంత్రం దాకా ఎదురుచూసి, ఆ కంపెనీవాళ్ళకి మాట మీద నిలకడ లేదని వీధంతా చెప్పింది.

పిన్నికి ఈ సంగతులన్నీ విడివిడిగా తెలుసు గానీ, కలిపి చూసుకునే తీరిక లేదు. అవన్నీ ఒక్కచోట కలిసింది ఆదివారం పొద్దున్న. కొలతలు తీసుకోవడానికి ముగ్గురూ ఎవరికి వారు ఫోన్ చేసి, ఆదివారం రానా అని అడిగారు. ముగ్గురికీ బాబాయి చెప్పే జవాబు ఒకటే కదా.

నేను కిందికి దిగేసరికి హాలు కిటికీ దగ్గర మూడు టేపులు ఒకేసారి సాగుతున్నాయి. టై అబ్బాయి పైనుంచి, శిష్యుడు కిందినుంచి, కొత్తమ్మాయి అడ్డంగా కొలుస్తున్నారు. ముగ్గురూ ఒకే ఇంటి మనుషులమన్నట్టు మొదట సర్దుకున్నారు. కాసేపటికి విషయం బోధపడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ బాబాయి కోసం చూశారు. ఆయన అప్పటికే స్కూల్లో అర్జెంటు పని ఉందంటూ చల్లగా జారుకున్నాడు. అయితే గేటుకి అడ్డంగా శిష్యుడి వ్యాను ఉంది. వ్యాను కాస్త పక్కకి తీయమని అడగడానికి మొహమాటపడి, బాబాయి తిరిగి ఇంట్లోకే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

గొడవ తీర్చింది పిన్నే. పొయ్యి మీద మూకుడు దించి వచ్చి, ముగ్గురికీ టీ ఇచ్చి, మా ఆయన సంగతి ఇదీ అని చెప్పింది. తిట్టలేదు, వెనకేసుకురాలేదు. హాలు కిటికీ టై అబ్బాయికి, పడకగదులు శిష్యుడికి, వెనక వరండా ఆ అమ్మాయికి అని పంచేసింది. ఒకే ఇంటికి మూడు రకాల కిటికీలు. పోనీలే అని ముగ్గురూ ఒప్పుకున్నారు. బాబాయి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. ఎవరికీ కాదనకుండా గట్టెక్కినందుకు ఆయన పిన్ని వంక ఎంతో కృతజ్ఞతగా చూశాడు.

ఆ చూపు చూసే కాబోలు పిన్నికి ధైర్యం వచ్చింది.

"మీలో గోడ పగలగొట్టి కొత్త కిటికీ పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

తన దగ్గర మేస్త్రీ ఉన్నాడని, అదొక పూట పనేనని శిష్యుడు అన్నాడో లేదో, బాబాయి అందుకున్నాడు.

"వద్దు. వంటింటికి అక్కర్లేదు."

నసగలేదు, నీళ్ళు నమల్లేదు. సూటిగా, స్పష్టంగా అన్నాడు. కండక్టరుకి, మంగలికి, గాజుముక్కకి కూడా కాదని చెప్పలేని మనిషి నోట్లోంచి ఆ మాట అంత నున్నగా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట మా చెవిన పడుతూనే ఉంది. ఎవరమూ వినలేదు, అంతే.

"సార్, మీరు వద్దంటారని నాకు తెలీదు సార్," అన్నాడు టై అబ్బాయి మెల్లగా. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

పిన్ని అందరి వంకా ఒకసారి చూసింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. లోపలికెళ్ళి చేతిసంచి తగిలించుకుని, చెప్పులేసుకుని, మా అందరి ముందునుంచీ నడిచి వీధి గుమ్మం దాటి బయటికి వెళ్ళింది. వెళ్తూ తలుపు దగ్గరగా లాగింది. అలిగి పుట్టింటికి బయల్దేరిందేమో అనుకున్నాను. అంతలో బెల్లు మోగింది.

బాబాయి వెళ్ళి తలుపు తీశాడు.

"నమస్కారమండీ," అంది పిన్ని బయటినుంచి. "లోపలికి రావచ్చా?"

"ఏంటిది, వాళ్ళ ముందు," అని బాబాయి గొణిగాడు. పిన్ని కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలికి పిలవకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పని కాదు. కాసేపు నలిగిపోయి, "రండి," అన్నాడు. ఆవిణ్ణి ఆయన అలా పిలవడం నేను పుట్టాక వినలేదు.

పిన్ని వచ్చి, బయటివాళ్ళు కూర్చునే కుర్చీలో అంచు మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. బాబాయి అలవాటు కొద్దీ నా వైపు తిరిగి మంచినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చాను. పిన్ని తాగింది. నాకు నవ్వాపుకోవడం కష్టమైపోయింది. కొత్తమ్మాయి అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మిమ్మల్ని శ్రమ పెడుతున్నాను, ఏమీ అనుకోకండి," అని మొదలుపెట్టింది పిన్ని. "నేను పొద్దున్నుంచీ ఒకే గదిలో పని చేస్తానండీ. ఆ గదికి కిటికీ లేదు. పొగ పోదు. మా ఇంటాయన్ని అడిగితే వద్దంటారు, ఎప్పుడడిగినా వద్దంటారు. మీరు మటుకు ఎవరు ఏమడిగినా కాదనరని వీధి వీధంతా చెప్పుకుంటారు. నేనూ బయటిమనిషినై వచ్చి అడిగితే నాకూ కాదనరేమోనని, ఆశపడి వచ్చానండీ."

"అయ్యో, అదెంత భాగ్యమండీ, తప్పకుండా," అనేశాడు బాబాయి.

ఆయన అనాలనుకుని అనలేదు. ఆ గొంతుకి, ఆ కుర్చీకి, ఆ మర్యాదకి ఆ మాట దానంతటదే వచ్చేసింది. టై అబ్బాయి పకాలున నవ్వి, మా మొహాలు చూసి ఆపేశాడు. నాకూ నవ్వు పోయింది. ఊళ్ళోవాళ్ళందరికీ మా బాబాయి అలాగే అలాగే అని పంచిపెడుతూ ఉంటే, ఆ అలాగేలకి సరిపడా వద్దులన్నీ ఇంట్లో ఒక్క మనిషే భరిస్తూ వచ్చింది. ఆ మనిషి ఇప్పుడు తన ఇంట్లోనే కుర్చీ అంచున కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది, బాబాయి మీద కోపమూ వచ్చింది. ఆయన పిన్ని చేతిలోని ఖాళీ గ్లాసు తనే అందుకున్నాడు.

తర్వాత టై అబ్బాయి వైపు తిరిగాడు. చేతిలో ఉన్న డబ్బుకి ఉన్న కిటికీలే ఎక్కువ, ఇంకొకటి రావాలంటే ఒకటి మానుకోవాలి. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఏది మానుకోవాలో ఆయనకీ తెలుసు.

"మీరు ఎండలో పడి వచ్చారు," అన్నాడు. "గాజు చాలా బావుంది. సుత్తి కూడా బావుంది. వీధంతా కనిపిస్తుందన్నారు, అదీ నాకు నచ్చింది." ఆగాడు. నుదురు తుడుచుకున్నాడు. మళ్ళీ అలాగే అనేస్తాడని నేను కళ్ళు మూసుకున్నాను. "కానీ హాలు కిటికీ వద్దండీ. పాత రెక్కకే మడతబందులు కొత్తవి వేయించుకుంటాం."

"పర్లేదు సార్," అన్నాడు టై అబ్బాయి. సుత్తి సంచిలో వేసుకుని, టీ బావుందని పిన్నికి చెప్పి వెళ్ళిపోయాడు. అంతకంటే ఏమీ జరగలేదు. బాబాయికి మాత్రం నమ్మకం కలగలేదు. తిరిగొచ్చి నాలుగు తిడతాడేమోనని, ఆ అబ్బాయి వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చూశాడు.

ఆయన లోపలికి వచ్చేసరికి పిన్ని చెప్పులు విడిచి, సంచి మేకుకి తగిలించి, వంటింట్లో మళ్ళీ మూకుడు పొయ్యి మీద పెట్టేసింది. హాస్టలు క్యారియర్ల వేళ దాటిపోతోంది. శిష్యుడు టేపు పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. బాబాయి కూడా వెళ్ళాడు. మామూలుగా ఆయన గుమ్మంలోంచి కాఫీ అందుకునేవాడే తప్ప, పొయ్యి వెలుగుతుండగా లోపలికి అడుగుపెట్టి ఎరగడు. నూనె సర్రుమంది. పొగ లేచి కప్పుకి తగిలి, దిగి, ముగ్గురి మీదా పరుచుకుంది. బాబాయి దగ్గడం మొదలుపెట్టాడు. కళ్ళెర్రబడ్డాయి, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బయటికి పోదామని గుమ్మం వైపు ఒక అడుగు వేసి, ఆగిపోయాడు.

"ఎక్కడ పెట్టించమంటావు?" అని అడిగాడు.

పిన్ని గరిటె ఎడంచేతిలోకి మార్చుకుని, తడి అరచేత్తో గోడ మీద ఇక్కడ అని ఒక ముద్ర వేసింది. వెతుక్కోవలసిన పని లేకుండా చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళింది.

బాబాయి ఆ తడి ముద్ర వంక, ఆవిడ వంక చూశాడు.

"ఇన్నేళ్ళూ ఇందులో ఎలా ఉన్నావు?" అన్నాడు.

"అడుగుతూ ఉన్నాను," అంది పిన్ని.

శిష్యుడు టేపు చాపాడు. బాబాయి రెండో కొస అందుకుని, ముద్ర ఆరిపోకముందే గోడకి ఆనించి పట్టుకున్నాడు.